అప్పులు పెరిగితే ధరలు ఎప్పుడు పెరుగుతాయి, ఎప్పుడు కదలవు?

ప్రశ్న ఇదీ: బ్యాంకులు అప్పులు ఎక్కువగా ఇస్తే గిరాకీ పెరిగి, దాంతో ధరలు పెరుగుతాయని చదువుకున్నాం. కానీ ఏళ్ల తరబడి అప్పులు పెరిగినా వినియోగదారుల ధరల సూచీ కదలని దేశాలున్నాయి. బ్యాంకు రుణాలు నెమ్మదించినా ద్రవ్యోల్బణం ఎగిసిన సందర్భాలూ ఉన్నాయి. అసలు ఈ రెంటికీ సంబంధం ఉందా? ఉంటే ఏ అంకెలో చూడాలి?

సంబంధం ఉంది, గట్టిదే. చాలామంది దాన్ని తప్పు అంకెలో వెతుకుతారు, చిక్కంతా అక్కడే. దేశంలో మొత్తం బాకీ ఎంత ఉందన్నది ఒక అంకె. ఈ ఏడాది కొత్తగా ఎంత అప్పు చేరిందన్నది రెండోది. ఆ చేరిక నిరుటి చేరిక కంటే ఎక్కువా తక్కువా అన్నది మూడోది. గిరాకీ పెరుగుదలకు దగ్గరగా నడిచేది ఈ మూడోదే. అది తెలిశాక కూడా ఆ డబ్బు దేని మీద ఖర్చయిందో, ఖర్చయిన చోట ఉత్పత్తి పెంచే వీలుందో లేదో తెలియకపోతే ధరల గురించి ఏమీ చెప్పలేం.

ముందు అప్పు ఎలా పుడుతుందో చూద్దాం. బ్యాంకు ఒకరు దాచుకున్న డబ్బు తీసి మరొకరికి ఇస్తుందనుకుంటాం. జరిగేది వేరు. రుణం మంజూరైన క్షణంలో రుణం తీసుకున్నవారి ఖాతాలో అంత మొత్తం జమ పడుతుంది. బ్యాంకు పద్దుల్లో ఒక పక్క ఆస్తిగా రుణం, ఇంకో పక్క చెల్లించాల్సిన బాధ్యతగా డిపాజిట్ ఒకేసారి పుడతాయి. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన త్రైమాసిక పత్రికలో ఈ సంగతిని సూటిగా వివరించింది. అంటే ఎవరి కొనుగోలు శక్తీ తగ్గకుండానే ఒకరిది పెరిగింది. అసలు తిరిగి కట్టినప్పుడు ఇదే వెనక్కి నడుస్తుంది: డిపాజిట్టూ పోతుంది, రుణమూ పోతుంది. కాబట్టి గిరాకీకి నికరంగా కలిసేది కొత్తగా ఇచ్చిన రుణాల్లోంచి తిరిగి కట్టిన అసలు తీసేయగా మిగిలినదే. బ్యాంకులు 'ఇంత మంజూరు చేశాం' అని చెప్పే అంకె దీనికి పనికిరాదు. పాత అప్పు తీర్చడానికి తీసుకున్న కొత్త అప్పు కూడా అందులో ఉంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. జీడీపీ 1000, మొత్తం బాకీ 1000 అనుకోండి. మొదటి ఏడాది బాకీ 10 శాతం పెరిగి 1100 అయింది. నికర కొత్త అప్పు 100. రెండో ఏడాది 8 శాతం పెరిగింది, అంటే 88. 'అప్పులు ఇంకా 8 శాతం చొప్పున పెరుగుతున్నాయి' అని వార్త వస్తుంది. నిజానికి అప్పు తెచ్చి పెట్టిన ఖర్చు 100 నుంచి 88కి పడింది. ఆదాయంలోంచి పెట్టే ఖర్చు మారలేదనుకుంటే మొత్తం గిరాకీలో 12 తగ్గింది, మొదట అనుకున్న జీడీపీలో 1.2 శాతం. మూడో ఏడాది బాకీ 1188 మీద 8.5 శాతం పెరిగితే చేరిక 101. మొదటి ఏడాది 10 శాతంతో పోలిస్తే వేగం తక్కువే, కానీ గిరాకీకి ఈసారి 13 కలిసింది. జీడీపీ కూడా ఈలోగా పెరుగుతుంది కనుక అసలు లెక్కలో హారం మారుతుంది, ఇక్కడ సులువు కోసం వదిలేశాను. నికర చేరికలో వచ్చే ఈ మార్పును విశ్లేషకులు క్రెడిట్ ఇంపల్స్ అంటారు. సంక్షోభం తర్వాత ఆర్థిక వ్యవస్థ కోలుకునేటప్పుడు మొత్తం బాకీ తగ్గుతూనే ఉండటం చూసి కొందరు ఆశ్చర్యపోతారు. నికర చేరిక మైనస్ 50 నుంచి మైనస్ 20కి వచ్చినా గిరాకీకి 30 కలిసినట్టే కదా.

తర్వాతి ప్రశ్న డబ్బు ఎటు పోయిందన్నది. నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువగా విస్మరించేది దీన్నే. అప్పు తెచ్చి కొత్త సరుకో సేవో కొంటే అది నేరుగా ఈ ఏటి ఉత్పత్తి మీద గిరాకీ. అప్పు తెచ్చి ఎప్పుడో కట్టిన ఇల్లో, స్థలమో, షేర్లో కొంటే చేతులు మారేది పాత ఆస్తి. దాని ధర పెరుగుతుంది, కానీ ఇళ్ల ధరలు, షేర్ల ధరలు వినియోగదారుల ధరల సూచీలో నేరుగా ఉండవు. సూచీలో సాధారణంగా ఉండేది అద్దె. జపాన్ దీనికి చక్కటి ఉదాహరణ. 1987 ఫిబ్రవరి నుంచి 1989 మే దాకా బ్యాంక్ ఆఫ్ జపాన్ డిస్కౌంట్ రేటును (తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని) 2.5 శాతం దగ్గరే ఉంచింది. రుణాలు భూముల మీదికి, షేర్ల మీదికి ఉరికాయి. 1989 డిసెంబర్ చివరికి అక్కడి షేర్ల సూచీ నిక్కీ 38,900 దాటింది. అదే కాలంలో 1986 నుంచి 1988 దాకా వినియోగదారుల ధరల పెరుగుదల ఏటా ఒక శాతానికి లోపే. ధరల సూచీ ఒక్కదాన్నే చూసినవారికి ఏ ప్రమాదమూ కనిపించలేదు.

అలాగని ఆస్తుల్లోకి వెళ్లిన అప్పు సరుకుల ధరలను ఎన్నటికీ తాకదని కాదు. ఇల్లు అమ్మినవారి చేతికి డబ్బు వస్తుంది, అందులో కొంత ఖర్చవుతుంది. విలువ పెరిగిన ఇంటిని తాకట్టు పెట్టి ఇంకో అప్పు తీసుకోవచ్చు. కొత్త ఇళ్ల నిర్మాణం పుంజుకుని సిమెంటు, ఉక్కు, కూలీల మీద గిరాకీ పడుతుంది. అద్దెలూ కదులుతాయి, కానీ ఆలస్యంగా: సూచీ కొలిచేది అందరు అద్దెదారులూ కడుతున్న సగటు అద్దె. కొత్త ఒప్పందాల్లో పెరిగిన అద్దె ఆ సగటులోకి పూర్తిగా చేరడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

మూడో రకం అప్పు యంత్రాలకు, ఫ్యాక్టరీలకు, రవాణా సదుపాయాలకు వెళ్లేది. ఇది కట్టేటప్పుడు గిరాకీ పెంచుతుంది, కట్టాక సరఫరా పెంచుతుంది. మొదటి రెండు మూడేళ్లు ధరల మీద ఒత్తిడి, ఆ తర్వాత ఊరట. ప్రాజెక్టులు మధ్యలో ఆగిపోతే ఒత్తిడి మిగిలి ఊరట రాదు.

ఇక ఉత్పత్తికి ఖాళీ ఉందా లేదా అన్నది. అదే 100 గిరాకీ సగం యంత్రాలు ఆగి ఉన్న రోజుల్లో వస్తే ఉత్పత్తి పెరుగుతుంది, ధరలు పెద్దగా మారవు. అన్నీ పూర్తిగా నడుస్తున్నప్పుడు వస్తే ఉత్పత్తి పెరగలేదు కనుక ధరలు పెరుగుతాయి. ఈ మార్పు నిదానంగా రాదు. గిరాకీ పరిమితి దాకా వచ్చేవరకు ఏమీ కనిపించదు, దాటాక ధరలు ఒక్కసారిగా నిటారుగా లేస్తాయి. అందుకే గత పదేళ్ల సగటు సంబంధాన్ని గీత గీసి భవిష్యత్తుకు పొడిగించినవారు 2021లో దెబ్బతిన్నారు. పరిమితి దగ్గరపడిందని చెప్పే గుర్తులు ఇవి: సరుకు అందజేసే గడువులు పొడుగవుతాయి, పెండింగ్ ఆర్డర్లు పేరుకుంటాయి, ఉద్యోగ ఖాళీలు నిరుద్యోగుల సంఖ్యను మించిపోతాయి. 2022 వసంతంలో అమెరికాలో ఒక్కో నిరుద్యోగికి దాదాపు రెండు ఖాళీలున్నాయి. అదే ఏడాది జూన్‌లో అక్కడి ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. దిగేటప్పుడూ ఇదే నిటారు గీత కొంత పనిచేసింది. ఖాళీల సంఖ్య తగ్గింది, నిరుద్యోగం పెద్దగా పెరగలేదు, 2023 జూన్‌కల్లా ద్రవ్యోల్బణం 3 శాతానికి వచ్చింది. ఇందులో సరఫరా గొలుసులు కుదుటపడటం, ఇంధన ధరలు దిగడం కూడా ఉన్నాయి. ఘనతంతా వడ్డీ రేట్లకే కట్టబెట్టడం సరికాదు.

దేశీయంగా ఉత్పత్తి పెంచే ఖాళీ లేకపోయినా గిరాకీ సరిహద్దు దాటిపోవచ్చు. యూరోలో చేరాక స్పెయిన్‌లో గృహ రుణాలు, నిర్మాణ రుణాలు విపరీతంగా పెరిగాయి. ద్రవ్యోల్బణం మాత్రం 3 శాతం చుట్టూనే తిరిగింది. మిగిలిన గిరాకీ ఎక్కడికి పోయిందో విదేశీ చెల్లింపుల పద్దులో కనిపిస్తుంది: 2007లో కరెంటు ఖాతా లోటు (విదేశాల నుంచి వచ్చినదాని కంటే అక్కడికి కట్టాల్సింది ఎంత ఎక్కువో అది) జీడీపీలో 10 శాతానికి దగ్గరగా ఉంది. విదేశాల్లో తయారైన సరుకుతో ఆ గిరాకీ తీరింది. ఈ తోవ తెరిచి ఉండాలంటే విదేశీయులు ఆ దేశానికి అప్పివ్వడానికి సిద్ధంగా ఉండాలి, మారకపు విలువ నిలవాలి. అది నిలవకపోతే ఏమవుతుందో టర్కీ చూపించింది. 2021 సెప్టెంబర్‌లో 19 శాతం ఉన్న విధాన రేటును (కేంద్ర బ్యాంకు నిర్ణయించే మూల వడ్డీ రేటును) డిసెంబర్‌కల్లా 14కు దించారు. అక్కడి కరెన్సీ లీరా ఆ ఏడాది డాలరుతో పోలిస్తే 40 శాతానికి పైగా పడింది. 2022 అక్టోబర్‌లో ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. చవక అప్పు గిరాకీని పెంచడం అందులో ఒక భాగమే. దిగుమతి సరుకు, ఇంధనం ఖరీదు కావడం, జనం సొంత కరెన్సీ వదిలి డాలర్లకూ సరుకులకూ ఎగబడటం మిగతా భాగం.

కేంద్ర బ్యాంకు డబ్బు ముద్రిస్తే ధరలు పెరగాల్సిందే కదా అన్న వాదన ఇక్కడ తప్పకుండా వస్తుంది. 2008 వేసవిలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ఆస్తులు ఒక ట్రిలియన్ డాలర్లకు కాస్త లోపు. 2014 చివరికి దాదాపు 4.5 ట్రిలియన్లు. అయినా ద్రవ్యోల్బణం చాలావరకు 2 శాతం దరిదాపుల్లోనే ఉంది. పెరిగింది బ్యాంకులు ఫెడ్ దగ్గర ఉంచే నిల్వలు. కుటుంబాలు అప్పటికే ఉన్న బాకీ తీర్చుకునే పనిలో ఉన్నాయి, బ్యాంకులు అప్పివ్వడానికి జంకుతున్నాయి. నిల్వలు కొట్లో సరుకు కొనవు. 2020–21లో కథ వేరు. ప్రభుత్వం భారీగా అప్పు చేసి ఆ డబ్బును నేరుగా కుటుంబాల ఖాతాల్లో వేసింది. 2020 ఆర్థిక సంవత్సరం లోటు 3.1 ట్రిలియన్ డాలర్లు, 2021లో 2.8 ట్రిలియన్లు. విస్తృత ద్రవ్యం ఎం2 (జనం దగ్గరి నగదు, బ్యాంకు డిపాజిట్ల లాంటివి కలిపిన మొత్తం) పెరుగుదల 2021 ఫిబ్రవరి ప్రాంతంలో ఏడాదికి 27 శాతం దాకా వెళ్లింది. ఈసారి పెరిగినవి జనం ఖర్చుపెట్టగల డిపాజిట్లు. బ్యాంకు రుణాలు నెమ్మదించినా ద్రవ్యోల్బణం ఎందుకు లేచిందన్న మీ సందేహానికి జవాబు ఇందులోనే ఉంది: ఆ సమయంలో అప్పు చేసింది ప్రభుత్వం. ప్రైవేటు రుణాల పట్టీ ఒక్కటే చూసేవారికి అది కనిపించదు.

డిపాజిట్ ఉన్నంత మాత్రాన ఖర్చు కాదు కూడా. 2020 ఫిబ్రవరి నుంచి మే మధ్యలో అమెరికా బ్యాంకుల వాణిజ్య, పారిశ్రామిక రుణాలు సుమారు 2.4 ట్రిలియన్ల నుంచి 3 ట్రిలియన్ డాలర్లకు ఎగిశాయి. మే నెల ద్రవ్యోల్బణం ఎంతో తెలుసా? 0.1 శాతం. ఇందులో కొంత ప్రభుత్వ హామీతో ఇచ్చిన అత్యవసర రుణాలు. మిగతాది చాలావరకు కంపెనీలు ఎందుకైనా మంచిదని ముందే మంజూరై ఉన్న పరిమితులు వాడుకుని తీసి ఖాతాలో పెట్టుకున్న డబ్బు. ఆ జంప్‌ను గిరాకీగా చదివితే పూర్తిగా తప్పుదారి పట్టినట్టే.

వడ్డీ రేటు ఏ గిరాకీని ఎంత కదిలిస్తుందో వాయిదా లెక్క వేస్తే తేలిపోతుంది. 20 ఏళ్ల గడువుకు 100 అప్పు తీసుకుంటే 6 శాతం వడ్డీకి నెలవారీ వాయిదా 0.716. వడ్డీ 9 శాతమైతే 0.900. వాయిదా దాదాపు 26 శాతం పెరిగింది. అదే వాయిదా మాత్రమే కట్టగలిగేవారికి ఇప్పుడు 100 బదులు 80కి కాస్త తక్కువే పుడుతుంది. 3 ఏళ్ల గడువైతే వాయిదా 3.04 నుంచి 3.18కి వెళుతుంది, నాలుగున్నర శాతం తేడా. అందుకే రేట్లు పెంచినప్పుడు ముందు ఇళ్లు, ఆ తర్వాత దీర్ఘకాలిక పెట్టుబడి దెబ్బతింటాయి. ఫోన్లు, ఫర్నిచర్ లాంటివి రేటు కంటే ఎక్కువగా 'అప్పు దొరుకుతుందా, ఎంత పరిమితి ఇస్తారు' అన్నదానికి స్పందిస్తాయి. క్రెడిట్ కార్డు వడ్డీ ఎలాగూ చాలా ఎక్కువ కాబట్టి విధాన రేటులో ఒక శాతం మార్పు అక్కడ కొట్టుకుపోతుంది.

పాత అప్పుల మీద ప్రభావం ఒప్పందం తీరును బట్టి ఉంటుంది. అమెరికాలో గృహ రుణాలు ఎక్కువగా 30 ఏళ్ల స్థిర వడ్డీవి. బ్రిటన్‌లో రెండేళ్లకో ఐదేళ్లకో రేటు తిరగరాస్తారు. ఒకే పరిమాణంలో రేటు పెంచినా రెండోచోట ఇంటి ఖర్చుకు మిగిలే డబ్బు త్వరగా తగ్గుతుంది. అందుకే ఒక దేశంలో కనిపించిన ఆలస్యాన్ని ఇంకో దేశానికి అంటగట్టకూడదు. స్థూలంగా చెప్పాలంటే రేటు మార్పు బ్యాంకు వడ్డీల్లోకి వారాల్లో, కొత్త రుణాల్లోకి ఒకటి రెండు త్రైమాసికాల్లో, ధరల్లోకి ఏడాది నుంచి రెండేళ్లలో చేరుతుంది.

ఈ గొలుసులో అప్పు పాత్రను విడదీసి చూపిన ఘటన ఒకటుంది. 1980 మార్చి 14న అమెరికాలో వినియోగ రుణాల మీద నేరుగా ఆంక్షలు పెట్టారు. కార్డు బాకీలు, తాకట్టు లేని రుణాలు పెంచిన సంస్థలు ఆ పెరుగుదలలో 15 శాతాన్ని వడ్డీ లేకుండా ఫెడ్ దగ్గర ఉంచాలన్నారు. జనం అప్పు వాడటమే తగ్గించేశారు. రెండో త్రైమాసికంలో జీడీపీ వార్షిక లెక్కన సుమారు 8 శాతం కుంగింది. జులైలో ఆంక్షలు ఎత్తేశారు, గిరాకీ తిరిగి లేచింది, 1981లో సగటు ద్రవ్యోల్బణం ఇంకా 10 శాతం పైనే నిలిచింది. అప్పు బిగిస్తే గిరాకీ పడుతుందని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు. నాలుగు నెలల బిగింపుకు జీతాల ఒప్పందాలు, ధరల అంచనాలు మారవని కూడా ఇదే చెబుతుంది. అవి మారడానికి 1981లో 19 శాతం దాకా వెళ్లిన వడ్డీలు, 1982 చివర్లో 10.8 శాతానికి చేరిన నిరుద్యోగం కావాల్సి వచ్చాయి. చాలా బాధాకరమైన మూల్యం అది.

అప్పటి అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 1983 దాకా అమెరికా సూచీలో గృహ రుణ వడ్డీ ఖర్చు నేరుగా ఉండేది. రేటు పెంచితే ద్రవ్యోల్బణం అంకె కూడా వెంటనే పెరిగేది, దించితే తగ్గేది. ఆ తర్వాత దాని స్థానంలో సొంత ఇంటికి సమానమైన అద్దె అంచనాను తెచ్చారు. ఏ దేశం సూచీ చూసినా ఇంటి ఖర్చును ఎలా కొలుస్తున్నారో ముందు తెలుసుకోవాలి.

మీరే లెక్క వేసుకోవాలనుకుంటే నికర రుణ ప్రవాహాన్ని నాలుగు త్రైమాసికాల మొత్తంగా తీసుకోండి, అదే కాలపు ప్రస్తుత ధరల జీడీపీతో భాగించండి, ఏడాది కిందటి అదే నిష్పత్తిని తీసేయండి. ఒక్క త్రైమాసికం అంకె చాలా ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. బ్యాంకు రుణాలతో ఆగకండి. బ్యాంకేతర సంస్థల రుణాలు, కంపెనీ బాండ్లు కూడా కలపాలి. లేకపోతే ఒక కంపెనీ బాండ్లు అమ్మి బ్యాంకు బాకీ తీరిస్తే మీ లెక్కలో అప్పు తగ్గినట్టు కనిపిస్తుంది. ఇలా కలిపిన అంకెలను చాలా దేశాలకు బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ త్రైమాసికంగా ప్రచురిస్తుంది. ప్రవాహం దొరక్క బాకీల తేడానుంచే లెక్కిస్తుంటే మాఫీ చేసిన మొండి బాకీలను తిరిగి కలపండి, విదేశీ కరెన్సీ రుణాల విలువ మారకపు రేటు వల్ల ఉబ్బితే దాన్ని తీసేయండి. ఈ రెండూ వదిలేస్తే సంక్షోభ సంవత్సరాల అంకెలు పూర్తిగా చెడిపోతాయి. ఆ తర్వాత గృహ రుణాలు, వినియోగ రుణాలు, వ్యాపార రుణాలు విడిగా చూడండి. ప్రభుత్వ లోటులో మార్పును పక్కనే పెట్టుకోండి.

ధరల వైపున వార్షిక శాతం ఒక్కటే చూస్తే మలుపు ఆలస్యంగా కనిపిస్తుంది. రుతు ప్రభావం తీసేసిన సూచీలో మూడు నెలల మార్పును వార్షికం చేయండి: ఇప్పటి సూచీని మూడు నెలల కిందటి సూచీతో భాగించి, నాలుగో ఘాతం తీసి, ఒకటి తీసేయాలి. 200 నుంచి 202కి వస్తే 4.06 శాతం. ఆహారం, ఇంధనం తీసేసి ఒకసారి, అద్దె కూడా తీసేసిన సేవలకు ఇంకోసారి చేయండి. దేశీయ గిరాకీ జాడ స్పష్టంగా కనిపించేది ఆ సేవల్లోనే. వాటి ఖర్చులో జీతాల వాటా ఎక్కువ, దిగుమతుల వాటా తక్కువ.

కారణం, ఫలితం తారుమారయ్యే చోటు కూడా ఒకటుంది. ముడిసరుకు ధర 20 శాతం పెరిగితే అదే పరిమాణం నిల్వ ఉంచడానికి కంపెనీకి 20 శాతం ఎక్కువ వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి పెట్టే డబ్బు) కావాలి. అప్పుడు స్వల్పకాలిక వ్యాపార రుణాలు ఎగుస్తాయి, కానీ ముందు కదిలింది ధరే. రుణం పెరిగింది కాబట్టి ధర పెరిగిందని చెబితే అది తిరగబడ్డ వాదన. సరుకు పరిమాణం, అంటే టన్నులు, యూనిట్లు పెరిగాయో లేదో చూస్తే ఇది బయటపడుతుంది. పరిమాణం కదలకుండా రుణం మాత్రమే ఉబ్బితే అది గిరాకీ కాదు.

సరఫరా దెబ్బలు వేరే పద్దు. 2022 అక్టోబర్‌లో యూరో దేశాల ద్రవ్యోల్బణం 10.6 శాతానికి చేరడంలో గ్యాసు, విద్యుత్తు, ఆహార ధరలదే పెద్ద వాటా. వడ్డీ పెంచితే గ్యాసు పుట్టదు. యూరోపియన్ కేంద్ర బ్యాంకు అయినా డిపాజిట్ రేటును (బ్యాంకులు తన దగ్గర ఉంచే డబ్బు మీద వడ్డీని) 2022 జులైలో ఉన్న మైనస్ 0.5 నుంచి 2023 సెప్టెంబర్‌కల్లా 4 శాతానికి తీసుకెళ్లింది. ఖరీదైన ఇంధనం మిగతా సరుకుల ధరల్లోకి, జీతాల్లోకి ఎంత పాకుతుందన్నది గిరాకీ మీదే ఆధారపడి ఉంటుంది. అప్పు సులువుగా దొరుకుతూ అమ్మకాలు బాగుంటే కంపెనీలు పెరిగిన ఖర్చంతా కొనేవారి మీదికి నెట్టగలుగుతాయి. అప్పు బిగిసి అమ్మకాలు తగ్గితే కొంత తమ లాభంలోనే మింగుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఇలాంటి సమయాల్లో మొత్తం ద్రవ్యోల్బణాన్ని క్రెడిట్ ఇంపల్స్‌తో పోల్చి సంబంధం లేదని తేల్చేయకండి. ఇంధన ధర శాంతించిన తర్వాతి నాలుగు నుంచి ఆరు త్రైమాసికాల్లో సేవల ధరలు, జీతాలు ఎటు నడిచాయో దానితో పోల్చండి.